పిందె రాలితే ముందు కింద నేల చూడండి

ప్రశ్న: అక్కా, మాది విజయనగరం జిల్లాలో చీపురుపల్లి వైపు పల్లెటూరు. మృగశిర కార్తెలో పెరట్లో మూడు గుమ్మడి పాదులు, ఒక బూడిద గుమ్మడి, దడి పక్కన ఒక ఆనప పాదు పెట్టాను. మొలక వచ్చిన కొత్తలోనే ఎర్ర పురుగులు పడి ఆకుల్ని జల్లెడ చేసేశాయి. ఎలాగో బతికి, ఇప్పుడు పెరడంతా పాకాయి. కానీ పిందెలు పట్టినట్టే పట్టి పసుపెక్కి రాలిపోతున్నాయి. కొన్ని కోసి చూస్తే లోపల తెల్ల పురుగులు. ఒక గుమ్మడి పాదు అయితే ఉన్నట్టుండి వడలిపోయింది. ఫోన్‌లో ఒక వీడియో చూశాను, కాండం చీల్చి లోపలి పురుగుని తీసేయమన్నారు. మా ఆయన పత్తికి కొట్టగా మిగిలిన మందు ఉంది, కొట్టేద్దామంటున్నారు. మా అత్తయ్య గారు వద్దంటున్నారు, పొయ్యి బూడిద చల్లితే చాలంటున్నారు. సంక్రాంతికి ఇంటి గుమ్మడికాయతో దప్పళం పెట్టాలని నా ఆశ. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ఆ పత్తి మందు మాత్రం పాదుల మీద కొట్టనివ్వకండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. మీ వారు మేలు కోరే చెప్పి ఉంటారు. చేలో పనిచేసిన మందు పెరట్లో ఎందుకు చేయదని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ గుమ్మడికీ పత్తికీ పెద్ద తేడా ఉంది. పత్తి పువ్వులో ఆడా మగా రెండు భాగాలూ కలిసే ఉంటాయి. గుమ్మడికి మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. దాని పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది కనుక గాలికి ఎగిరి వెళ్లదు. తెల్లవారుతూనే తేనెటీగలు మగ పువ్వులో దూరి, ఆ పొడిని ఒంటికి పూసుకుని ఆడ పువ్వు మీద వాలితేనే పిందె నిలుస్తుంది. మందు కొడితే ఆ ఈగలే ముందు చస్తాయి. పత్తికి వాడే మందుల్లో చాలావాటిని మొక్క పీల్చుకుని ఒళ్లంతా పంపిణీ చేసుకుంటుంది. ఇమిడాక్లోప్రిడ్ అలాంటిదే. పుప్పొడిలోకీ, పువ్వులోని తేనెలోకీ కూడా చేరుతుంది. సాయంత్రం కొట్టాం కదా, పొద్దున ఈగలకి ఏమీ కాదులే అనుకోవడానికి లేదు. మిగిలిన డబ్బా మోనోక్రోటోఫాస్ అయితే ఇక చెప్పే పనే లేదు. దాన్ని కూరగాయల మీద వాడకూడదని 2005లోనే కేంద్ర ప్రభుత్వం నిషేధించింది.

పైగా ఇది ఇంట్లో తినే పాదు. ఈ రోజు లేత ఆకు కోసి కూర వండుతారు, రేపు ఆనపకాయ కోస్తారు. ఇచ్ఛాపురం వైపు ఒడియా వాళ్ల ఇళ్లలో గుమ్మడి పువ్వుల్ని బియ్యప్పిండి జారులో ముంచి వేయించుకుంటారు. మందు కొట్టాక ఇన్ని రోజులు కోయకూడదని డబ్బా మీద రాసిన గడువు పత్తికి రాసినది. రోజూ కోసుకునే పెరటికి దాన్ని ఎలా లెక్కపెడతారు? ఇంత చేసినా మీ పిందె లోపలున్న పురుగుకి ఆ మందు తగలదు కూడా. అది కాయ గుజ్జులో దాక్కుని ఉంటుంది. మీరు చల్లేది తోలు మీద పడుతుంది.

మీరు రాసిన కష్టాలు ఒకే పురుగు పని కాదు. ఆకులు తిన్నది ఒకటి, పిందెలో ఉన్నది ఇంకొకటి. వడలిన పాదు సంగతి తవ్వి చూస్తే గానీ తేలదు. పసుపెక్కి రాలిన పిందెల్లో కొన్నింటికి అసలు పురుగే కారణం కాకపోవచ్చు. అయితే ముఖ్యమైన ఇద్దరు శత్రువులకీ, అంటే ఎర్ర పెంకు పురుగుకీ పండు ఈగకీ, ఒక పోలిక ఉంది. రెండూ బతుకులో కొంత భాగం మీ పాదు కింద మట్టిలోనే గడుపుతాయి. మనం ఆకుల మీద వెతుకుతాం, వాటి తర్వాతి తరం నేలలో తయారవుతూ ఉంటుంది. అందుకే మీకు స్ప్రేయర్ కంటే బొరిగె ఎక్కువ అవసరం.

ఇప్పుడు పిందెల దగ్గరికి వద్దాం. రేపు పొద్దున పాదుల కింద రాలినవన్నీ ఏరండి. తీగకే ఉండి పసుపెక్కినవి కూడా తుంపేయండి. వెలుతురులో కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి చూడండి. పండు ఈగ ముట్టిన పిందె మీద సూది మొనతో గుచ్చినంత చిన్న గాటు కనిపిస్తుంది. దాని చుట్టూ తోలు కాస్త లోపలికి కుంగి, ముదురు ఆకుపచ్చగానో గోధుమ రంగుగానో మారి ఉంటుంది. చాలాసార్లు ఆ గాటు మీద జిగురు బొట్టు ఒకటి ఊరి గట్టిపడి ఉంటుంది. కాయ ఆ వైపు వంకర తిరుగుతుంది. ఇలాంటి పిందెను అడ్డంగా కోసి తెల్ల పళ్లెంలో పెట్టండి. గుజ్జు నీరుకారి, అందులో తల వైపు సన్నగా, వెనక మొద్దుగా, కాళ్లు లేని తెల్ల పురుగులు కదులుతుంటాయి. బాగా ఎదిగిన పురుగు ఒళ్లు ముడుచుకుని, ఒక్క ఉదుటున పళ్లెం దాటి ఎగిరిపడుతుంది. అలా ఎగిరేది కాయ వదిలి మట్టిలోకి దిగే వయసుకి వచ్చిందని అర్థం.

గాటు లేకుండా, జిగురు లేకుండా, పువ్వు వాడిన కొన వైపు నుంచి పసుపెక్కి ముడుచుకుపోయిన పిందెలు వేరే కుప్పగా పెట్టండి. వాటిని కోస్తే లోపల పురుగు ఉండదు. అవి పుప్పొడి అందక రాలినవి. వానలు పట్టిన వారంలో ఇవి ఎక్కువవుతాయి. తేనెటీగ వానలో బయటికి రాదు, పుప్పొడి తడిసిపోతుంది. ఏ కుప్ప పెద్దదో చూస్తే మీ పెరట్లో ఏ కష్టం ఎక్కువో తెలుస్తుంది.

మొదటి కుప్ప సంగతి. పండు ఈగ మన ఇంటి ఈగ అంతే ఉంటుంది. ఎర్రగా గోధుమ రంగులో, మెడ వెనక పసుపు మచ్చలతో, నడుము సన్నగా ఉండి కాస్త కందిరీగలా కనిపిస్తుంది. ఆడ ఈగ తోక చివర సూదితో లేత కాయ తోలు పొడిచి లోపల గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో అవి పగులుతాయి. పురుగు గుజ్జు తిని ఎదిగి, కాయ రాలాక నేలలోకి దూరుతుంది. పై మట్టిలో నాలుగైదు అంగుళాల లోపలే కోశంగా మారుతుంది. అది చూడటానికి గోధుమ గింజలా ఉంటుంది. అక్కడి నుంచి మళ్లీ ఈగై లేస్తుంది. వానాకాలం తేమలో ఇదంతా మూడు నాలుగు వారాల్లో అయిపోతుంది. అంటే మృగశిరలో నాటిన పాదు మీద సంక్రాంతి లోపల ఒక తరం వెనక ఒకటి వస్తూనే ఉంటాయి.

మన ఇళ్లలో చేసే పొరపాటు ఇక్కడే ఉంది. పుచ్చిన పిందెను విసురుగా పెంటకుప్ప మీదకో, దడి అవతలకో పారేస్తాం. లోపలి పురుగులు చావవు. తీరిగ్గా పెంటలోకి దిగి, ఈగలై మళ్లీ మన పాదు దగ్గరికే వస్తాయి. ఏరినవాటిని మందపాటి పాలిథిన్ సంచిలో వేసి మూతి గట్టిగా కట్టి, ఎండ పడే చోట కనీసం రెండు వారాలు వదిలేయండి. వేడికి లోపలే చస్తాయి. పశువులుంటే అప్పటికప్పుడు ముక్కలు కోసి కుడితిలో ఉడికించి పెట్టేయవచ్చు. పాతిపెట్టేటట్టయితే మోకాలు లోతు గొయ్యి తీసి పైన మట్టి గట్టిగా తొక్కాలి. బెత్తెడు లోతున పాతితే పైకి వచ్చేస్తాయి. ఈ పని రోజు విడిచి రోజు జరగాలి. ఊళ్లో పక్కవాళ్ల పెరళ్లలో కూడా జరిగితే ఇంకా మంచిది. ఈగకి దడి అడ్డం కాదు కదా.

వారానికోసారి పాదు కింద మట్టిని బొరిగెతో రెండు మూడు అంగుళాల లోతున గుల్లచేయండి. మొదలు దగ్గర వేళ్లు తెగకుండా మాత్రం చూసుకోండి. బయటపడిన కోశాలు ఎండకి మాడతాయి, పిచ్చుకలూ చీమలూ తింటాయి. ఇంట్లో కోళ్లుంటే సాయంత్రం ఓ గంట పాదుల కిందకి వదలండి. పాదు ముదిరి పాకింది కనుక ఇప్పుడు కోళ్ల వల్ల నష్టం లేదు. అవి చెరిగినంత శుభ్రంగా మనం ఎలాగూ చేయలేం. మొలక దశలో మాత్రం కోడిని దగ్గరికి రానివ్వకూడదు.

నిలిచిన పిందెను కాపాడటానికి నేను అన్నిటికంటే నమ్మేది సంచి కట్టడం. ఆడ పువ్వు విచ్చి, వాడి, పిందె నిమ్మకాయంత కాగానే పాత దోమతెర గుడ్డతో గానీ, పలచని పాత నూలు చీర ముక్కతో గానీ వదులుగా సంచి కుట్టి తొడిగి, కాడ దగ్గర దారంతో కట్టండి. సందు ఉండకూడదు. కాగితం సంచి ఎండాకాలం పనికొస్తుంది గానీ ఈ వానలకి చిరిగిపోతుంది. పువ్వు విచ్చక ముందే కట్టారంటే తేనెటీగ లోపలికి రాక పిందె రాలిపోతుంది, ఆ తొందర వద్దు. గుమ్మడికాయ తోలు గోరు దిగనంత గట్టిపడ్డాక సంచి తీసేయవచ్చు, అప్పుడు ఈగ సూది దిగదు. ఆనపకాయ లేతగా కోసుకునేది కాబట్టి దానికి కోసేదాకా ఉంచండి. పెరట్లో ఉండే నాలుగు పాదులకి ఇది పెద్ద పనేం కాదు. ఎకరాల్లో వేసే రైతుకే కుదరదు.

ఎర బుట్టల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ జిల్లాలో మామిడి తోటలు ఎక్కువ. తోటల్లో వేలాడదీసే బుట్ట ఒకటి తెచ్చి పాదు దగ్గర కట్టుకుని, ఈగలు పడటం లేదని చాలామంది నిరాశపడతారు. మామిడి ఈగకి బుట్టలో పెట్టే ఎర బిళ్ల మిథైల్ యూజినాల్. గుమ్మడి, ఆనప, బీర, కాకర మీద వాలే ఈగ దానికి రాదు. దానికి క్యూ లూర్ అని అడిగి తీసుకోవాలి. మీ పెరటికి ఒకటి చాలు. పూత మొదలవగానే కట్టాలి, పాకెట్ మీద రాసిన గడువుకి బిళ్ల మార్చాలి. అందులో పడేవి మగ ఈగలే. మగవి తగ్గితే గుడ్లు పెట్టగల ఆడవీ క్రమంగా తగ్గుతాయి గానీ, ఇప్పటికే జతకట్టిన ఆడ ఈగని బుట్ట ఆపలేదు. అందుకే బుట్ట కట్టాం కదా అని ఏరడం మానకూడదు.

ఆడ ఈగలకి తిండి ఎర పెట్టవచ్చు. బంగ్లాదేశ్ రైతులు బాగా మగ్గిన గుమ్మడి గుజ్జునే నలిపి నీళ్లు కలిపి ఎరగా పెడతారు. వాళ్లు అందులో పురుగుమందు చుక్క వేస్తారు. ఇంట్లో పిల్లలుంటారు కనుక మీరు మందు బదులు కొంచెం సబ్బు నీళ్లు కలపండి, వాలిన ఈగ మునిగిపోతుంది. ప్లాస్టిక్ సీసాకి పైభాగంలో చిన్న చిల్లులు చేసి అందులో పోసి, పాదుకి కాస్త ఎడంగా, దడి మీది చెట్ల నీడలో కట్టండి. ఈ ఈగ పగలంతా పాదు మీద ఉండదు. గుడ్డు పెట్టడానికే వస్తుంది, మిగతా సమయం చుట్టుపక్కల ఆముదం, మొక్కజొన్న లాంటి గుబురు ఆకుల కింద తలదాచుకుంటుంది. మూడు నాలుగు రోజులకోసారి గుజ్జు మార్చాలి. బెల్లం నీళ్లు మూత లేకుండా పెట్టకండి, తేనెటీగలు పడి చస్తాయి.

ఇక పుప్పొడి అందక రాలిన పిందెల సంగతి. వాటికి మీ చెయ్యి చాలు. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిలోపు అప్పుడే విచ్చిన మగ పువ్వు కోయండి. పువ్వు కింద బుల్లి కాయ లేకుండా పొడవాటి కాడ మీద ఉన్నదే మగది. రెక్కలు తుంచేస్తే మధ్యలో పసుపు పొడి అంటుకున్న దిమ్మ మిగులుతుంది. దాన్ని ఆడ పువ్వు నడిమధ్య బొడిపెలన్నిటికీ మెల్లగా రుద్దండి. ఒక్కవైపే రుద్దితే కాయ వంకరగా ఊరుతుంది. ఆనప పువ్వు తెల్లగా సాయంత్రం విచ్చుతుంది కాబట్టి దానికి ఈ పని పొద్దుగూకే వేళ. పాదు పూత పట్టిన కొత్తలో వరసగా మగ పువ్వులే వస్తాయి, అవి రాలితే కంగారు పడొద్దు, అది దాని స్వభావం. ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీద పెట్టడానికి పిల్లలు పువ్వులు కోస్తే మగవే కోయమనండి. అవి కూడా అన్నీ కోసేయకుండా, పాదుకి రెండు మూడైనా వదలమనండి.

వడలిపోయిన పాదు దగ్గరికి వెళ్లే ముందు ఆ వీడియో మాట. అందులో చూపించిన పురుగు అమెరికా ఖండంలోది. అక్కడి వాళ్ల గుమ్మడి, స్క్వాష్ పాదుల కాండంలో దూరి తినేస్తుంది, వాళ్లు కాండం నిలువునా చీల్చి తీసి, పైన మట్టి కప్పుతారు. వాళ్లకది సరైన వైద్యమే. ఆ పురుగు మన దగ్గర లేదు. దానికి బంధువైన పురుగు ఒకటి దక్షిణాదిలో పొట్ల తీగల్ని తొలుస్తుంది గానీ, గుమ్మడి వడలితే ముందుగా అనుమానించాల్సింది దాన్ని కాదు. కారణం తెలియకుండా బతికున్న కాండం చీలిస్తే ఆ గాయంలోంచి కుళ్లు పడుతుంది.

మీరు ఇలా చూడండి. మిట్టమధ్యాహ్నం ఎండకి గుమ్మడి ఆకులు వేలాడి, సాయంత్రానికి లేస్తే అది జబ్బు కాదు. అంత వెడల్పు ఆకుకి వేళ్లు ఆ వేళప్పుడు నీళ్లు అందించలేవు. సాయంత్రమైనా, పొద్దునైనా లేవకపోతే మొదలు దగ్గర మట్టి నెమ్మదిగా తీయండి. మట్టి బురదగా ఉండి, మొదలు మెత్తబడి వాసన వస్తే నీరు నిలిచి కుళ్లింది. వేళ్లు కొరికినట్టు, కాండం అడుగున తొలిచినట్టు ఉండి, మీగడ రంగు ఒళ్లు, గోధుమ రంగు తల ఉన్న సన్నని పురుగులు కనిపిస్తే అవి ఎర్ర పెంకు పురుగు పిల్లలు. అవును, మొలకల ఆకులు తిన్నవాటి సంతానమే. పెద్ద పురుగులు ఆకులు తింటూ మొదలు దగ్గర తడి మట్టిలో గుడ్లు పెట్టాయి. పైన దాడి తగ్గింది కదా అని మనం మర్చిపోయేసరికి అవి కింద పని మొదలుపెట్టాయి. నేలకి ఆనిన కాయల అడుగున తొలిచేవీ ఇవే.

అలా వడలి, సాయంత్రానికీ పొద్దునకీ లేవని పాదు ఇక బతకదు, పీకేయండి. మిగతా రెండింటికి మాత్రం ఇప్పుడే ఒక రక్షణ చేయవచ్చు. గుమ్మడి తీగ కణుపు దగ్గర నేల తగిలితే అక్కడ కొత్త వేళ్లు వేస్తుంది. పాకిన తీగ మీద అక్కడక్కడా కణుపు మీద దోసెడు మట్టి, చివికిన పేడ ఎరువు కలిపి కప్పి, కాస్త తడుపుతూ ఉండండి. రేపు మొదట్లో వేరు తెగినా ఆ కొత్త వేళ్ల మీద తీగ బతుకుతుంది. నేల మీది ప్రతి కాయ కిందా తాటాకు గానీ, పాత పెంకు గానీ, మందంగా ఎండుగడ్డి గానీ పెట్టండి. మొదలు చుట్టూ మట్టి ఎగదోసి దిబ్బలా చేయండి. మన వైపు అక్టోబరు, నవంబరుల్లో తుపాను వానలు పడితే రెండు రోజులు నీరు నిలిచినా చాలు, పురుగు అవసరం లేకుండానే పాదు పోతుంది.

మీ అత్తగారి బూడిద మాటలో నిజం ఉంది. ఎర్ర పురుగు మొలక మీద పడే రోజుల్లో, పొద్దున్నే మంచు తడి ఆరకముందు పలచని గుడ్డలో మూటకట్టిన కట్టెల బూడిదను ఆకుల మీద, ఆకుల అడుగున దులిపితే పురుగు ఆ ఆకు తినడానికి ఇష్టపడదు. వాన పడితే మళ్లీ చల్లాలి. ప్లాస్టిక్ కాల్చిన పొయ్యి బూడిద పనికిరాదు. కానీ ఇప్పుడు మీ పాదులకి ఆ వయసు దాటిపోయింది. పిందెలోని పురుగుకి బూడిద ఏమీ చేయదు, పువ్వుల్లో పడితే తేనెటీగకి అడ్డం. కాబట్టి అత్తయ్య గారి మందు వచ్చే పాదుకి దాచండి.

వచ్చే పాదు పెట్టినప్పుడు గింజల్ని నేరుగా గుంతలో వేయకుండా, అడుగున చిల్లు ఉన్న కాగితం గ్లాసుల్లో మొలిపించి, దోమతెర కింద మూడు నాలుగు ఆకులు వచ్చేదాకా పెంచండి. వేళ్లు కదలకుండా గ్లాసు చింపి నాటి, పైన వెదురు బద్దలు వంచి అదే దోమతెర కప్పండి, అంచుల మీద మట్టి వేయండి. తీగ సాగి పూత కనిపించే ముందు తెర తీసేయాలి. లేత ఆకు దశ దాటిందంటే ఎర్ర పురుగు కొన్ని ఆకులు తిన్నా పాదు తట్టుకుంటుంది. అప్పటికీ కనిపిస్తే తెల్లవారుజామున, ఒళ్లు చల్లబడి బద్ధకంగా ఉన్నప్పుడు ఏరి సబ్బు నీళ్ల చెంబులో వేయండి. ఎండెక్కాక ముట్టుకుంటే ఎగిరిపోతాయి.

మిగతా పురుగుల గురించి క్లుప్తంగా చెబుతాను. లేత చిగుళ్ల అడుగున పేనుబంక, తెల్లదోమ ఉంటే నష్టం అవి పీల్చే రసం వల్ల కంటే అవి మోసుకొచ్చే వైరస్ వల్ల ఎక్కువ. ఆకు పసుపు, ఆకుపచ్చ మచ్చలతో ముడతపడి చిగురు గిడసబారిన తీగని జాలిపడకుండా పీకేయండి, ఆ జబ్బుకి మందు లేదు. వీపు మీద రెండు తెల్ల గీతలున్న ఆకుపచ్చ గొంగళి పురుగు ఆకుని ముడిచి గూడు కడుతుంది, ఆ ఆకు తుంచి నలిపేయండి. మాసిన ఇటుక రంగులో, నల్ల చుక్కలతో, మెరుపు లేని పెంకు పురుగు ఆకు గీకి ఈనెలు మిగుల్చుతుంది, దాన్నీ ఏరాలి. నున్నగా మెరిసే అక్షింతల పురుగుల్ని మాత్రం ముట్టుకోకండి, అవి పేనుబంకని తింటాయి. ఆకు మీద ఈనెల మూలల్లో వెండి రంగు మచ్చలు చూసి తెగులనుకుంటారు చాలామంది. గుమ్మడిలో చాలా రకాలకి అది పుట్టుకతో వచ్చే మచ్చ. వేలితో తుడిస్తే పిండిలా అంటితేనే బూడిద తెగులు.

ఏదైనా చల్లక తప్పదనిపిస్తే వేప గింజల కషాయం ఒక్కటే చాలు. లీటరు నీళ్లకి 50 గ్రాముల వేప గింజల పొడి గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున పిండి, మళ్లీ గుడ్డతో వడకట్టి, చిటికెడు సబ్బు పొడి కలిపి అదే రోజు సాయంత్రం వాడేయాలి. పేనుబంకకీ, గొంగళి పురుగులకీ, లేత ఆకుల మీది పెంకు పురుగుకీ ఇది పనిచేస్తుంది. ముందు రెండు ఆకుల మీద చల్లి, మర్నాడు మాడలేదని చూసుకుని తర్వాత మిగతా పాదుకి చల్లండి. ఈ జాతి ఆకులు చాలా సుకుమారం. అందుకే మిరపకీ, మామిడికీ వాడే గంధకం మందులు గుమ్మడి, దోస, ఆనప పాదుల మీద చల్లకూడదు, ఆకులు మాడిపోతాయి.

సంక్రాంతి దప్పళం సంగతి అడిగారు. ఆశ వదులుకోవాల్సిన పని లేదు. ఇప్పుడు ఒక్కో పాదుకి రెండు మూడు పిందెలు చేత్తో పుప్పొడి పట్టించి, సంచి కట్టి నిలబెట్టుకోండి. అంతకంటే ఎక్కువ ఆశపడకండి, ఉన్న బలం వాటికే పోనివ్వండి. కాయ రంగు తిరిగి, కాడ ఎండి బెరడులా మారాక, కాడ నాలుగు వేళ్లు ఉంచి కోయండి. కాడ ఊడిన చోట కుళ్లు మొదలవుతుంది. గాటు లేని కాయని గాలి ఆడే అటక మీద గడ్డి పరిచి ఉంచితే పండగ దాకా హాయిగా నిలుస్తుంది. బూడిద గుమ్మడి కూడా అంతే, వడియాలకి చలికాలం దాకా ఆగవచ్చు.

మొదలు తవ్వినప్పుడు కనిపించింది ఏమిటో తేలకపోతే, పీకిన పాదుని వేళ్లతో, మట్టితో సహా సంచిలో వేసి మీ ఊరి రైతు సేవా కేంద్రంలో చూపించండి. శ్రీకాకుళం జిల్లా వాళ్లకి ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. వెళ్లడం కుదరకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్‌లో చెప్పేటప్పుడు పురుగు పడిందని మాత్రమే చెబితే చాలదు. ఆకా, కాయా, వేరా, ఏ రంగు, ఎంత సైజు, ఎప్పటి నుంచి, ఇవన్నీ చెప్పండి.

పాదు పీకిన గుంతలో మళ్లీ గుమ్మడి గింజ గానీ, బీర, దోస, కాకర గానీ పెట్టకండి. మట్టిలో మిగిలిన పెంకు పురుగు పిల్లలకి ఈ కుటుంబం మొక్కల వేళ్లే తిండి. గుంతని అడుగు లోతు తిరగేసి, వాన తెరిపి ఇచ్చినప్పుడు నాలుగు రోజులు ఎండనివ్వండి. ఆ తర్వాత అక్కడ చిక్కుడు పెట్టుకోండి. దడి ఎలాగూ పక్కనే ఉంది, పందిరి వేసే పని కూడా ఉండదు.